అటకమీద పాత తుపాకీ కనిపిస్తే ముట్టుకోవద్దు!

జమీందారీల నాటి పొట్టి తుపాకీలో మందు ఇంకా బతికే ఉండవచ్చు

కొలిమిలో పెట్టినా, నూతిలో వేసినా ముప్పే. పోలీసులకు చెప్పడమే మేలు

పలాస: పలాస, టెక్కలి ప్రాంతాల్లోను, ఉద్దానం తీరగ్రామాల్లోను పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా పోయి డాబాలు లేస్తున్నాయి. దూలాలు దించినప్పుడు, అటకలు ఖాళీ చేసినప్పుడు, పాత నూతుల్లో పూడిక తీసినప్పుడు తాతలనాటి సామాను ఎన్నో బయటపడుతుంటాయి. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను కూకటివేళ్లతో పెకలించినప్పుడు, తరతరాలుగా కదలని నేల కూడా తిరగబడింది. ఇత్తడి బిందె దొరికితే ఇంట్లో వాడుకుంటారు. రాగి కానులు దొరికితే పిల్లలు దాచుకుంటారు. అయితే మూరెడు పొడవున్న, తుప్పు పట్టిన, బొటనవేలు దూరేటంత లావు రంధ్రం ఉన్న ఇనుప గొట్టం ఒకటి కర్ర పిడితో సహా దొరికితే ఏం చేయాలి?

ఇలాంటప్పుడు సాధారణంగా జరిగేవి మూడు. పిల్లలు దానితో ఆడుకుంటారు. లేదా పాత ఇనుము బేరగానికి కిలోల లెక్కన అమ్మేస్తారు. అదీ కాకపోతే పోలీసుల గొడవ ఎందుకని రాత్రికి రాత్రి చెరువులోనో నూతిలోనో పారేస్తారు. ఈ మూడూ తప్పే. మొదటిది ప్రాణానికి ముప్పు. రెండవది ఇనుము కొన్నవాడి ప్రాణానికీ, దానిని కొలిమిలో పెట్టే కమ్మరి ప్రాణానికీ ముప్పు. మూడవది రేపు ఆ నూతిలో పూడిక తీసే కూలీకి ముప్పు. ఊళ్లలోకి వేషం కట్టుకొని వచ్చే పిట్టలదొర చేతి కర్రతుపాకీ కాదు ఇది. నూరేళ్లు నిద్రపోయినా లేవగల సరుకు.

మూతిలోంచి మందు కూరే తుపాకీ

ఇప్పటి పోలీసుల తుపాకులకు తూటా వెనుక భాగం నుంచి ఎక్కుతుంది. మందు, గుండు, నిప్పు పుట్టించే మసాలా అన్నీ ఆ తూటాలోనే ఉంటాయి. పాత తుపాకీ అలా కాదు. గొట్టం వెనుక భాగం మూసి ఉంటుంది. ముందు మూతి లోంచే తుపాకిమందు పోసి, గుడ్డపేలికో కాగితమో అడ్డం పెట్టి, సీసపు గుండు గానీ రవ్వలు గానీ వేసి, ఇనుప గజంతో దట్టించేవారు. మందు అంటే పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిపి నూరిన నల్లని పొడి.

లోపలి మందుకు నిప్పు ముట్టించే పద్ధతిని బట్టి ఈ తుపాకులు మూడు రకాలు. అన్నిటికంటే పాతది వత్తి తుపాకీ. నిప్పు రగులుతున్న తాడు కొస, గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలోని రంజకాన్ని అంటుకుంటే, ఆ మంట సన్నని బెజ్జం గుండా లోపలికి పోయేది. రెండవది చెకుముకి తుపాకీ. గుర్రం అని పిలిచే సుత్తి లాంటి ముక్కకు చెకుముకి రాయి బిగించి ఉంటుంది. మీట నొక్కగానే అది ఉక్కు రేకును కొట్టి నిప్పురవ్వలు రాల్చేది. మూడవది టోపీ తుపాకీ. చిన్న రాగి టోపీలో మసాలా పెట్టి చనుమొన లాంటి గొట్టానికి తొడిగితే, గుర్రం దెబ్బకు అది పేలి లోపలి మందును అంటించేది. ఇంగ్లీషు సైన్యం 1840 ప్రాంతంలో చెకుముకి నుంచి టోపీకి మారింది. ఆ మార్పుతో పక్కకు పోయిన పాత తుపాకులు ఎన్నో చేతులు మారాయి.

ఈస్టిండియా కంపెనీ సిపాయిల చేతిలో ఉన్న పొడుగు తుపాకీకి గొట్టం 39 అంగుళాలు. రంధ్రం వెడల్పు ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. ఒక పౌను సీసంతో దాని గుండ్లు పద్నాలుగు వచ్చేవి. అంటే ఒక్కొక్క గుండు సుమారు 32 గ్రాములు, మూడు తులాలకు కొంచెం తక్కువ. దగ్గరనుంచి తగిలితే ఏనుగునైనా తూలిపోయేటట్టు చేసేదని పాతకాలం వేటగాళ్లు చెప్పుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

పొట్టిగా ఎందుకుంది?

ఇలా దొరికే పొట్టి తుపాకీ రెండు విధాల్లో ఏదైనా కావచ్చు. మొదటిది పుట్టుకతోనే పిస్తోలు. గుర్రపు రౌతులు జీను పక్కన తగిలించుకొనే పిస్తోలుకు గొట్టం సాధారణంగా 9 అంగుళాలు, రంధ్రం అంగుళంలో మూడింట రెండు వంతులు. రెండవది పొడుగు తుపాకీని కోసి పొట్టి చేసినది.

ఈ రెంటికీ తేడా చూపులకే తెలుస్తుంది. పుట్టుపిస్తోలు మూతి నున్నగా, గుండ్రంగా తీర్చి ఉంటుంది. కర్ర పిడి వంపు తిరిగి చేతిలో ఇమిడేటట్టు ఉంటుంది. కోసిన తుపాకీ మూతి మీద ఆకురాయి గీతలు కనిపిస్తాయి. గురి చూసేందుకు ముందుభాగాన ఉండే చిన్న మొటిమ ఉండదు. అది కోసేసిన ముక్కతోనే పోయి ఉంటుంది. భుజానికి ఆనించే మడమను నరికి, పిడిలా చెక్కిన ఉలి గుర్తులు కూడా ఉంటాయి.

కోయడానికి కారణాలూ ఒకటి కాదు. మూతి దగ్గర గొట్టం పగిలితే ఆ మేరకు కోసి మిగిలినది వాడుకునేవారు. డొంకల్లో, జీడితోటల్లో పొడుగు తుపాకీ తిప్పడం కష్టం. పంచె కింద, గొంగడి కింద దాచడానికి పొట్టిదే అనువు. ఈ చివరి కారణం వల్లనే ప్రభుత్వాలు కోసిన తుపాకీని ఎప్పుడూ అనుమానంగా చూశాయి.

తుపాకీ మీద గుర్తులుంటే అవి దాని పుట్టుకను చెబుతాయి. కంపెనీ వారి తుపాకుల మీద 1808 వరకు హృదయం ఆకారంలో ఒక ముద్ర ఉండేది. తరువాత కిరీటం పట్టుకొని వెనుకకాళ్లపై నిలిచిన సింహం వచ్చింది. గుర్రం బిగించిన ఇనుప పలకమీద తుప్పు కింద అలాంటి బొమ్మ లీలగా కనిపించినా అది చరిత్రకు పనికివచ్చే వస్తువే. ఆ గుర్తు కోసం తుప్పును గరుకు కాగితంతో గీకితే తుప్పుతో పాటు గుర్తు కూడా పోతుంది.

ఈ గడ్డకు ఎలా వచ్చాయి?

ఈ ప్రాంతానికి మందుతుపాకీ కొత్తది కాదు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో కోట గోడలకు బయట ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, లోపల వెలమ వీరుల తుపాకులు మోగిన సంగతి పిల్లలకు కూడా తెలిసిన కథే. 1765లో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కిన తరువాత ఈ చుట్టుపక్కల జమీందారులు వెంటనే లొంగలేదు. 1768లో పర్లాకిమిడి నారాయణదేవు జలుమూరు వద్ద కల్నల్ పీచ్ సేనతో తలపడి ఓడిపోయాడు. జలుమూరు టెక్కలికి ఎంతో దూరం కాదు. 1832లో పర్లాకిమిడి గడబిడను అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఇన్ని పోరాటాలు జరిగిన చోట తుపాకులు పడిపోవడం, ఎత్తుకుపోవడం, దాచిపెట్టడం వింత కాదు.

జమీందారుల కోటల్లో పాయికులు, బంట్రోతులు ఉండేవారు. టెక్కలి, మందస వంటి సంస్థానాల్లో శిస్తు వసూలుకు, అడవి కాపలాకు, వేటకు మందుతుపాకులే ఆధారం. మహేంద్రగిరి దిగువ అడవుల్లో అడవిపందులు, ఎలుగుబంట్లు ఉండడం వల్ల పంట కాపలాకు కూడా తుపాకీ అవసరమైంది. ఎలుగుల బెడద నేటికీ పోలేదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి వద్ద ఒక ఎలుగుబంటి ఒకరిని చంపి, మరికొందరిని గాయపరచిన సంగతి ఉద్దానం వాసులు మరచిపోలేదు. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. తాతల తుపాకీ మనుమడి అటకకు ఎక్కింది.

అంతకు ముందే 1878లో వచ్చిన ఆయుధాల చట్టం దేశీయుల తుపాకులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. తెల్లవారికి, కొందరు జమీందారులకు మినహాయింపు ఇచ్చింది. లైసెన్సు తెచ్చుకోగలిగినవారు తెచ్చుకున్నారు. లేనివారికి మిగిలిన దారి అప్పగించడమో, దాచడమో. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాక పాయికులూ పోయారు. వారి ఇళ్లలో మిగిలిన సామాను ఎవరి లెక్కలోకీ రాలేదు.

భయానికి కారణముంది

తుపాకీ దొరికిందంటే ఈ జిల్లాలో మనుషులు గతుక్కుమంటారు. దానికి కారణం లేకపోలేదు. మందస జమీందారీలో అడవి హక్కుల కోసం లేచిన రైతులపై 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురం వద్ద పోలీసులు కాల్పులు జరిపారు. గర్భిణి అయిన వీరగున్నమ్మతో సహా ఐదుగురు ప్రాణాలు విడిచారు. 1967 అక్టోబరు 31న, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న లేవిడి వద్ద, మొండెంఖల్ గిరిజన మహాసభకు వెళుతున్న వారిపై భూస్వాముల పక్షం వారు తుపాకీ పేల్చగా కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ కేసులో ముద్దాయిలు 1968లో విడుదలయ్యారు. ఆ మీదట సాయుధ పోరాటం రాజుకుంది. బాణాలు, బల్లేలతో పాటు నాటు తుపాకులు కూడా ఆ పోరాటంలో కనిపించాయి. ఉద్దానంలో బొడ్డపాడు, గరుడభద్ర పేర్లు పత్రికలకెక్కాయి. 1969లో ప్రభుత్వం ఈ భాగాలను కల్లోలిత ప్రాంతంగా ప్రకటించింది.

అలాంటి రోజులు చూసిన ఊళ్లలో ఇంట తుపాకీ ఉండడమంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. ఇప్పటికి యాభై ఏళ్లు దాటినా "దొరికిందని చెబితే మనమీదికే వస్తుంది" అనే మాట పోకపోవడానికి మూలం అదే. కాని ఆ భయంతో నూతిలో పారేసిన తుపాకీ ప్రమాదాన్ని తగ్గించదు. దానిని ఎదుటివాడికి బదిలీ చేస్తుంది. పైగా ఆ ఇంటి చరిత్రలో ఒక పుట చింపివేసినట్టవుతుంది.

నూరేళ్లయినా చావని మందు

పాత తుపాకీ విషయంలో అందరూ చేసే పొరపాటు "ఇంత తుప్పు పట్టింది, ఇంకేం పేలుతుంది?" అనుకోవడం. తుప్పు పట్టేది ఇనుము. లోపల దట్టించిన మందు మీద గుడ్డ, దాని మీద సీసపు గుండు మూతలా కూర్చుంటాయి. గాలి, తడి తగలకపోతే ఆ మందు తరాలు మారినా చెడదు. వంటింటి పొగ తగిలే పొడి అటకమీద ఉన్నది మరీ చెడదు. పూర్వం ఇంట్లో తుపాకీని ఎప్పుడూ నింపి ఉంచడం అలవాటు. రాత్రి పంది తోటలో పడితే అప్పటికప్పుడు మందు కూరుతూ కూర్చోలేరు కదా! నింపినవాడు కాలం చేస్తే, అది నిండి ఉన్నదన్న సంగతి అతనితోనే పోతుంది.

ఇందుకు దేశదేశాల్లో తార్కాణాలున్నాయి. అమెరికాలోని న్యూయార్కు నగరంలో సెంట్రల్ పార్కు అనే పెద్ద ఉద్యానవనం ఉంది. 1780లో మునిగిన ఇంగ్లీషు యుద్ధనౌక తాలూకు ఫిరంగి ఒకటి ఏళ్ల తరబడి అక్కడ జనం మధ్యనే ఉంది. 2013 జనవరిలో తుప్పు వదలగొట్టడానికి దాని మూతి తెరచి చూస్తే లోపల గుండు, సుమారు 800 గ్రాముల మందు అలాగే ఉన్నాయి. మునిగిన నౌకలోని ఫిరంగి సంగతే అలా ఉంటే పొడి అటకమీద తుపాకీ మాట చెప్పేదేముంది? వెంటనే పోలీసులను పిలిచి మందు తీయించారు గనుక ఎవరికీ హాని జరగలేదు. అదే దేశంలో వర్జీనియా రాష్ట్రంలో 2008లో మాత్రం, వందేళ్లకు పైబడిన ఫిరంగి గుండును ఇంటి దగ్గర శుభ్రం చేస్తుండగా అది పేలి, ఆ పనిలో ఎంతో అనుభవమున్న మనిషే చనిపోయాడు.

మందుకు కావలసింది ఒక్క నిప్పురవ్వ, లేదా తగినంత వేడి. కొలిమి, గ్యాసు వెల్డింగు, ఆకురాయి రాపిడి, రంపపు కోత, సుత్తి దెబ్బ, వీటిలో ఏదైనా చాలు. టోపీ తుపాకీ అయితే పాత టోపీ మొన మీదనే అతుక్కుని ఉండవచ్చు. చెకుముకి తుపాకీలో రాయి లేకపోయినా పక్క బెజ్జం గుండా నిప్పు పోగలదు. మరొక ప్రమాదం కూడా ఉంది. తుప్పు తిన్న గొట్టం పలచబడి ఉంటుంది. మందు అంటుకుంటే గుండు ముందుకు పోవడానికి బదులు గొట్టమే ముక్కలై పట్టుకున్న చేతిని చీలుస్తుంది. కనుక "ఒక్కసారి పేల్చి చూద్దాం" అన్న సరదా పనికిరాదు.

గొట్టం బయటి పొడవునూ, లోపలి లోతునూ పోల్చి అది నిండి ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం నిపుణులకు తెలిసిన పద్ధతి. అది ఇంటి దగ్గర చువ్వ దూర్చి చూసే పని కాదు.

చట్టం ఏమంటుంది?

ప్రస్తుతం అమలులో ఉన్నది 1959 నాటి ఆయుధాల చట్టం. దీని 3వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోరాదు. తుపాకీ గొట్టం కోసి పొట్టి చేయడానికి కూడా విడిగా లైసెన్సు ఉండాలని 6వ సెక్షను చెబుతోంది. అంటే తాత కోసిన తుపాకీ సంగతి ఎలా ఉన్నా, మనుమడు దానిని ఇంకా కోస్తే అది మరొక నేరమవుతుంది.

అదే చట్టం 45వ సెక్షనులో ఒక వెసులుబాటు ఉంది. వాడుక పోయిన పాత పద్ధతి ఆయుధాలకు, పురాతన విలువ గలవాటికి, చెడిపోయినవాటికి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని పక్షంలో చట్టం వర్తించదు. అయితే పనికివస్తుందా రాదా అన్నది ఇంటి యజమాని తేల్చుకొనేది కాదు. పరీక్షించి చెప్పవలసినది అధికారులు. మందు నిండి ఉన్న తుపాకీని "పాత సామానే కదా" అని ఇంట్లో పెట్టుకుంటే ఈ సెక్షను కాపాడుతుందని ఎవరూ ధీమాగా ఉండరాదు.

ఇంటి పెద్దకు ఒకప్పుడు లైసెన్సు ఉండి, ఆయన పోయాక తుపాకీ మిగిలిపోతే? లైసెన్సు గడువు తీరడం వల్ల గానీ, మరే కారణం వల్ల గానీ ఆయుధం ఉంచుకొనే హక్కు పోయినప్పుడు ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులో లేదా లైసెన్సు గల వ్యాపారి వద్ద డిపాజిటు చేయాలని 21వ సెక్షను అంటోంది. పాత లైసెన్సు కాగితం ఇంట్లో ఉంటే అది జాగ్రత్త చేయడం మంచిది.

భూమిలో దొరికిన వస్తువుకు మరొక చట్టం కూడా ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించి విలువ గల ఏ వస్తువు దొరికినా ఆ సంగతి కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను దేశం దాటించడాన్ని, లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధిస్తోంది. కనుక "పట్నంలో దీనికి మంచి రేటు వస్తుంది" అని ఆశ చూపేవారి మాట వినరాదు.

చేయవలసినవి

పాత తుపాకీ కనిపిస్తే ఎక్కడిది అక్కడే వదిలివేయాలి. మూతికి ఎదురుగా ఎవరూ నిలబడరాదు. పిల్లలను, పశువులను దూరంగా పంపాలి. బీడీ, పొయ్యి, దీపం దగ్గరకు రానీయరాదు. గుర్రాన్ని వెనక్కి లాగడం, మీట నొక్కడం, మూతిలో చువ్వ దూర్చడం, నూనె పోయడం, నీటిలో ముంచడం, తుప్పు గీకడం, ఇవేవీ చేయరాదు. దూరం నుంచే ఫొటో తీసి, ఏ తేదీన, ఏ చోట, ఎంత లోతున కనిపించిందో కాగితం మీద రాసుకోవాలి.

తరువాత దగ్గరలోని పోలీసు స్టేషనుకు కబురు పెట్టాలి. తుపాకీని సంచిలో వేసుకొని బస్సులోనో ఆటోలోనో స్టేషనుకు తీసుకెళ్లడం మంచిది కాదు. దారిలో పేలితే అదొక ఘోరం, దారిలో పట్టుబడితే అదొక చిక్కు. వారినే ఇంటికి రమ్మనాలి. వెళ్లేటప్పుడు ఒంటరిగా కాక సర్పంచినో, ఊరి పెద్దల్లో ఇద్దరినో వెంటబెట్టుకొని వెళ్లడం, రెవెన్యూ అధికారికి కూడా అర్జీ ఇవ్వడం, ఇచ్చిన అర్జీలకు రసీదు తీసుకోవడం మంచిది. దొరికిన వెంటనే తానై చెప్పినవాడికీ, దాచి పట్టుబడినవాడికీ మధ్య తేడాను ఆ రసీదే చూపుతుంది.

మందు తీయించిన తరువాత అది చరిత్రకు పనికివచ్చే వస్తువని తేలితే పురావస్తు శాఖకు చేర్చమని అర్జీలోనే కోరవచ్చు. 1991లో ప్రారంభమైన విశాఖ మ్యూజియంలో ఈ ఉత్తరాంధ్ర సంస్థానాల నాటి ఆయుధాలు ఉన్నాయి. అలాంటి చోట చేరితే తుపాకీ పక్కన ఊరి పేరు కూడా నిలుస్తుంది. ఆ వస్తువు ఎవరి చేతినుంచి వచ్చిందో, ఏ తరంలో అటక ఎక్కిందో ఇంట్లో ముసలివారికి తెలిసి ఉంటే ఆ మాట కూడా రాసి ఇవ్వాలి. ఇనుము కంటే ఆ మాటే తొందరగా తుప్పు పడుతుంది.

పోలీసు, రెవెన్యూ శాఖలవారు కూడా గ్రహించవలసినది ఒకటుంది. దొరికిందని చెప్పడానికి వచ్చినవాడిని దొంగను చూసినట్టు చూస్తే, ఆ ఊళ్లో రెండవవాడు రాడు. ఆ మీదట దొరికే ప్రతి తుపాకీ నూతిలోకే పోతుంది. విశాఖ మన్యంలో పోలీసులు గ్రామసభలు పెట్టి నాటు తుపాకులు తమంతట తాము అప్పగించమని గిరిజనులను కోరడం పత్రికల్లో వచ్చినదే. పలాస, టెక్కలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కూడా అటువంటి సభలు పెట్టి, చెప్పినవారికి భయం లేదని నలుగురిలో చాటితే అటకల మీది గొట్టాలు వాటంతట అవే దిగివస్తాయి. ఇల్లు పడగొట్టే మేస్త్రీలకు, నుయ్యి తోడే కూలీలకు, పాత ఇనుము కొనేవారికి ముందుగా ఈ సంగతి తెలియడం అవసరం. ఎందుకంటే ఆ గొట్టాన్ని మొదట పట్టుకొనే చేయి వారిదే.